ఇత్తడి టోపీ మీద బొట్టు

పనికొచ్చే సంగతి ఒక్కటీ లేదు

ఇది రాయడానికి ఒకావిడ పోయేదాకా ఆగాను. ఆవిడ పోయిన కార్తీకంలో పోయారు. ఇప్పుడిక దీనివల్ల ఎవరి మనసూ కష్టపడదు, నాది తప్ప. నాది ఎటూ బాగుపడేది కాదు కాబట్టి రాస్తున్నాను.

తెనాలి మారిస్‌పేటలో ఒక మోటారు షెడ్డులో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. ఫోనెత్తడానికి, స్పేరు పార్టుల చీటీలు రాయడానికి చేరాను. ఆర్నెల్లు తిరక్కుండా చీటీలు పక్కన పడేసి స్పానర్ పట్టుకున్నాను. బి.ఎస్సీ ఫిజిక్సు చదివి ఇదేం పనమ్మా అన్నవాళ్ళకి, ఫిజిక్సు చదివాను కాబట్టే ఈ పని అని చెప్పి నోరు మూయించేదాన్ని. నోరు మూయించడం నాకు ముందునుంచీ వచ్చిన విద్య. బళ్ళు బాగుచేయడం తర్వాత వచ్చింది. షెడ్డు మూసేసి రెండేళ్ళు దాటింది. యాభై నాలుగేళ్ళకే మానేశావేంటి, రాయిలా ఉన్నావుగా అని ఇప్పటికీ అడుగుతుంటారు. ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పించుకుంటున్నాను.

ఆటోమొబైల్ డిప్లొమా చదువుతున్న పిల్లలు నలుగురు మొన్న ఇంటికొచ్చారు. "మేడమ్, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అన్నారు. పనికిరావు. ముందే చెప్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. మీరు రేపు సర్వీసు సెంటర్లో చేరతారు. బండికి వైరు గుచ్చుతారు. తెర మీద ఒక నంబరొస్తుంది. ఆ నంబరు ఏ పార్టు మార్చమంటే ఆ పార్టు మారుస్తారు. ఇంజను ఏమంటోందో చెవి పెట్టి వినాల్సిన అవసరం మీకు లేదు. నేను నేర్చుకున్నదంతా ఆ వినడమే. అది నాతోనే పోతుంది. పోతే పోనీ అని అనుకోవడానికి ప్రయత్నిస్తున్నాను. ఇంకా చేతకావడంలేదు.

అయినా ఒక తప్పు సంగతి చెప్పాలి. అది నంబర్ల బళ్ళకి కూడా వర్తిస్తుందని నా అనుమానం.

వలపక్షం

మా మేస్త్రి పేరు సుబ్బారావు. నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన నన్ను అమ్మాయ్ అనేవాడు. ఎనిమిదో తరగతి తప్పాడు. పెద్ద పనిమంతుడు, అంతకంటే పెద్ద మొండివాడు. కోపమొస్తే చేతిలో ఉన్నది విసిరేసేవాడు. తన తప్పు ఒప్పుకున్నది నేనెప్పుడూ చూడలేదు. ఆయన్ని దేవుణ్ణి చేసి రాయను. చచ్చిపోయినవాళ్ళని దేవుళ్ళని చేయడం వల్ల వాళ్ళ తప్పులు మనకి అంటుకుంటాయి.

పాత కార్లకి కార్బొరేటర్ ఉండేది. పెట్రోలునీ గాలినీ పాళ్ళు చూసి కలిపి ఇంజనుకి అందించడం దాని పని. పెట్రోలు ఎక్కువైతే బండి నల్లపొగ వదిలి ముక్కుతుంది. దాన్ని మేస్త్రి అజీర్తి అనేవాడు. తక్కువైతే ఎగశ్వాస పడుతుంది, వేడెక్కుతుంది. దాన్ని ఆకలి అనేవాడు. ఈ రెండూ తేలిక. అసలు తలనొప్పి మూడోది. నాలుగు సిలిండర్లలో రెంటికి అజీర్తి, రెండు కులాసా.

"మీ పుస్తకంలో దీన్నేమంటారు అమ్మాయ్?"

"మిక్చర్ డిస్ట్రిబ్యూషన్ సరిగా లేదంటారు బాబాయ్."

"అంత పొడుగు పేరెందుకే? వలపక్షం."

పెళ్ళి భోజనాల్లో పంక్తి కూర్చుంటాం కదా. వడ్డించేవాడు తనకి కావాల్సినవాళ్ళ విస్తట్లో నెయ్యి ధార కట్టి, మిగతావాళ్ళకి గరిటె చూపించి పోతాడు. అదీ వలపక్షమంటే. ఇరవై ఆరేళ్ళలో నేను విన్న మాటల్లో అంత కచ్చితమైనది ఇంకోటి లేదు. నా డిగ్రీ పుస్తకాల్లో అసలే లేదు.

వలపక్షాన్ని పట్టుకోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ప్లగ్గులు విప్పి వరసగా గుడ్డ మీద పెట్టాలి. ఇంజను నాలుక చూడటమంటే అదే. ఇటుకరంగులో ఉంటే కులాసా, మసి పట్టి ఉంటే అజీర్తి, తెల్లగా పాలిపోయి ఉంటే ఆకలి. బండి కదలకుండా ఇంజను స్లోలో తిరుగుతుండగా ఒక్కో ప్లగ్గు వైరూ లాగి చూడాలి. ఏది లాగినా ఇంజను ఒకే మాదిరి తడబడాలి. రెండు కార్బొరేటర్ల బండయితే రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఒక్కో కార్బొరేటర్ నోటి దగ్గరా పెట్టాలి. బుస రెండు చోట్లా ఒకటే స్థాయిలో వినపడాలి. ఆ గొట్టం నా దగ్గర ఇంకా ఉంది. ఏం చేసుకోవాలో తెలీదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆయన పెట్టిన మరో నియమం ఉంది. బండి మీద బొట్టు చెరపకూడదు. దసరాకి ఆయుధపూజ చేసి బానెట్ మీద, స్టీరింగ్ మీద, భక్తి ఎక్కువైతే ఇంజను మీద కూడా గంధం పూసి కుంకం పెట్టి పంపిస్తారు. ఆ బొట్టు చుట్టూ తుడవాలి తప్ప దాని మీద గుడ్డ పడకూడదు.

"ఇంజనుకి దుమ్మూ బొట్టూ ఒకటే బాబాయ్" అని వాదించాను.

"ఇంజనుకి ఒకటే. అది వాళ్ళింటి ఆడవాళ్ళ చెయ్యే. దాని మీద నీ మసిగుడ్డ వేస్తావా?"

ఆ వాదన నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండానే చాలాకాలం పనిచేశాను. ఆయన కంట పడకుండా తుడిచేసేదాన్ని. కాకుమాను జీపు వచ్చేదాకా.

కాకుమాను జీపు

మా ఆయన పోయిన ఏడాది అది. నాకు ముప్పై మూడేళ్ళు. నాలుగో రోజునుంచే షెడ్డుకి వస్తున్నానని వీధిలో ఏమేమి అన్నారో రాయను. కాకుమాను నుంచి ఒక రైతు జీపు తెచ్చాడు. వెంట ఆయన తల్లి. రేడియేటర్ కారుతోంది. పగులెక్కడుందో కనపడటంలేదు. ఎందుకు కనపడుతుంది, దాని నెత్తిన అరచేయంత గంధం పూసి కుంకం అద్దారు. కిరసనాయిలు గుడ్డ పెట్టి ఒక్క తుడుపు తుడిచాను. పగులు సరిగ్గా అక్కడే ఉంది.

"ఎవరు చెరిపింది?" అంది ముసలావిడ స్టూలు మీంచి లేచి.

"నేనేనండి. దానికిందే ఉంది చూడండి పగులు."

ఆవిడ పగులు చూడలేదు. నా నుదురు చూసింది. "నీ మొహాన లేనిది పరాయివాళ్ళకీ ఉండకూడదా అమ్మా?" అంది. గట్టిగా కూడా అనలేదు.

నాకు దేనికైనా సమాధానం ఉంటుంది. ఆ రోజు లేదు. ఎవరితోనూ తగ్గి మాట్లాడని సుబ్బారావు మేస్త్రి ముందుకొచ్చి, "తప్పయిపోయిందండి, తెలీక చేసింది" అన్నాడు. తెలీక చేయలేదు. తెలిసే చేశాను, పైగా పగులు పట్టుకున్నాను. ఆ మాట అనలేకపోయాను.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళ పైన ఒక్క బండి మీద ఒక్క బొట్టు కూడా చెరపలేదు. నియమం నమ్మి కాదు. దేవుడి పటానికి కూడా రుజువు అడిగే రకం నేను. ఆ ముసలావిడ చూపుకి భయపడి. చూడండి, అన్నిటి మీదా వాదించే మనిషికి కూడా ఎక్కడో ఒకచోట వాదన ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి. తప్పు అక్కడే జరుగుతుంది.

బాపట్లలో గెలిచిన కేసు

మేస్త్రి పోయాక షెడ్డు నాది. అప్పటి కేసుల్లో ఊరూరా చెప్పుకుని తిరిగినదొకటి ఉంది.

బాపట్లలో ఒక డాక్టరు గారి పాత కారు. ఇంటి దగ్గర బ్రహ్మాండంగా స్టార్టవుతుంది, పొన్నూరు చేరేలోపల ఆగిపోతుంది. కాసేపు చెట్టుకింద పెడితే మళ్ళీ నడుస్తుంది. అప్పటికే ముగ్గురు మేస్త్రీలు పెట్రోలు పంపు ఒకరు, ఫిల్టర్ ఒకరు, కార్బొరేటర్ ఒకరు మార్చేశారు. నేను రైలెక్కి వెళ్ళి ఏ స్పానరూ తీయకుండా కార్లో కూర్చున్నాను.

"ఏంటమ్మా, చూడవా?" అన్నారు డాక్టరు గారు.

"పోనివ్వండి. ఆగినప్పుడు చూస్తాను."

ఆగింది. దిగి వెనక్కి వెళ్ళి పెట్రోలు ట్యాంకు మూత తిప్పాను. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. ఎవరో రంగు వేయించినప్పుడు మూతకున్న సూదిబెజ్జం మూసుకుపోయింది. పెట్రోలు బయటికి రావాలంటే దాని స్థానంలోకి గాలి పోవాలి కదా. గుండుసూదితో పొడిచాను. అంతే.

"మూడు నెలలు తిప్పలు పెట్టింది, సూదితో పోయిందా!" అని ఆయన నవ్వితే, "మీరు మాత్రం సూదితో తగ్గించట్లేదేంటండీ" అన్నాను. ఆ ముక్కతో సహా ఆ కథ ఎన్ని పెళ్ళిళ్ళలో చెప్పానో లెక్కలేదు. ఏ బండి వచ్చినా ముందు గాలి దారి చూడండి, సూదిబెజ్జాలు చూడండి అని ఉపన్యాసాలిచ్చాను.

గెలిచిన కేసు ఏమీ నేర్పదు. మనమేదో నేర్చుకున్నామన్న భ్రమ మాత్రం మిగులుస్తుంది. ఇది గుర్తుంచుకుని కిందది చదవండి.

రేపల్లె కారు

రాఘవయ్య మాస్టారు బాపట్లలో వ్యవసాయ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై రేపల్లెలో స్థిరపడ్డారు. అప్పటికే ఎనభైకి దగ్గర. ఆయనకి వాళ్ళ నాన్నగారి కాలం నాటి విదేశీ కారొకటి ఉంది. ముదురాకుపచ్చ రంగు, రెండు కార్బొరేటర్లు. ముందుది ముందు రెండు సిలిండర్లకి, వెనకది వెనక రెంటికి. ప్రతి శనివారం భార్య రత్తమ్మ గారిని పక్కన కూర్చోబెట్టుకుని, చెరుకుపల్లి మీదుగా బాపట్ల వెళ్ళేవారు. పాత మిత్రుల్ని పలకరించి, సముద్రం గాలికి కాసేపు కూర్చుని చీకటి పడకముందే వచ్చేసేవారు. రత్తమ్మ గారికి వారానికి ఆ ఒక్కటే గడప దాటడం.

ఒక ఆషాఢంలో ఇద్దరూ కలిసి కారు వేసుకుని తెనాలి వచ్చారు.

"పికప్ లేదమ్మా. భట్టిప్రోలు దాటేసరికి చెమటలు పట్టించింది. యాక్సిలేటర్ తొక్కితే ముక్కుతోంది, పొగ వదులుతోంది" అన్నారు మాస్టారు.

"చూస్తాను మాస్టారూ, కూర్చోండి."

"కూర్చుంటాను గానీ ఒక మాట. నా మోకాళ్ళు పోయాయి. కొత్త బళ్ళ సంగతి వదిలెయ్, ఇంకే బండి క్లచ్చీ నేను తొక్కలేను. దీనిది వెన్నలా ఉంటుంది. దీనికి అలవాటుపడ్డ కాలు ఇది. ఈ ఇంజను ఉంటే నేను తోలతాను, లేకపోతే లేదు. కాబట్టి నిజం చెప్పు."

"తోలకపోతే మానెయ్యండి, నన్ను ఇంట్లో పడెయ్యడానికి వంక దొరుకుతుంది" అంది రత్తమ్మ గారు. మాస్టారు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

బానెట్ ఎత్తాను. ఈ రకం కార్బొరేటర్ మీద బోర్లించిన చెంబులాంటి గుమ్మటం ఉంటుంది, దాని నెత్తిన చిన్న ఇత్తడి టోపీ. ముందున్న టోపీ మీద గంధం, పసుపు, కుంకం పొరలు పొరలుగా గట్టిపడి ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ వచ్చినట్టున్నాయి. వెనక టోపీ ఖాళీ.

"బాగా దట్టంగా పెట్టారే పిన్నిగారూ."

"ముందుదానికేనమ్మా. వెనకదానికి నా చెయ్యి అందదు."

"అయితే వలపక్షం చూపిస్తున్నారన్నమాట" అన్నాను.

ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. రోగం పేరు నా నోటితోనే చెప్పాను. ఎక్కడుందో వేలితో చూపించాను. చూపించి, నవ్వి, పనిలో పడ్డాను.

ప్లగ్గులు విప్పాను. ముందు రెండూ బొగ్గు. వెనక రెండూ ఇటుకరంగు. వలపక్షమే. ముందు కార్బొరేటర్ తీసి పూర్తిగా విప్పాను. టోపీని బొట్టు చెదరకుండా తిప్పి, కాగితం పరిచి, దాని మీద పెట్టాను. నీడిల్ చూశాను, జెట్టు మార్చాను, గ్యాస్కెట్ వేశాను. గుమ్మటంలో ఉండే చిన్న పిస్టన్‌ని వేలితో ఎత్తి వదిలితే టక్కుమని కిందపడింది. ఎక్కడా పట్టెయ్యడంలేదు. మళ్ళీ బిగించి రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుంటే స్లోలో రెండు బుసలూ సమానం. పంపించాను. పదిరోజుల్లో తిరిగొచ్చారు. మళ్ళీ ముందు ప్లగ్గులు బొగ్గు.

రెండోసారి ఇంకోలా విప్పాను. మూడోసారి కార్బొరేటర్ అయ్యాక కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి బిగువు, చూశాను. ముందు రెండు సిలిండర్లలో తక్కువ. చెంచాడు నూనె పోస్తే పెరిగింది. అప్పుడు నాకు అంతా తెలిసిపోయిందనిపించింది. బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, అరిగిపోయింది, అందుకే నూనె తాగి ప్లగ్గులు నల్లబడుతున్నాయి అనుకున్నాను. అది తారుమారు లెక్క. పెట్రోలు అదే పనిగా ఎక్కువైతే సిలిండర్ గోడల మీద నూనె పొరని కడిగేస్తుంది, అందువల్లే కంప్రెషన్ తగ్గుతుంది. ఏది ముందో ఏది వెనకో చూడకుండా, దొరికిన ఫలితాన్ని పట్టుకుని అదే కారణమన్నాను. బి.ఎస్సీ ఫిజిక్సు!

ఆ ఇంజనుకి సుబ్బారావు మేస్త్రి ఇదివరకే చివరి సైజు వరకూ బోరు కొట్టించాడు. అంతకంటే పెద్ద పిస్టన్లు దొరకవు. లోపల కొత్త గొట్టాలు, లైనర్లు, వేయించొచ్చుగా అని మాస్టారే అడిగారు. "గోడ మందం చాలదు మాస్టారూ" అన్నాను. కొలిచి చెప్పలేదు. హెడ్ విప్పి లోపల చూడను కూడా చూడలేదు. మూడుసార్లు షెడ్డుకొచ్చిన బండి మీద కసి పట్టుకుంది నాకు. నా చేతికి లొంగలేదంటే అది చచ్చిపోయినట్టే లెక్క.

"బోరు పోయింది. ఇంజను మార్చాల్సిందే. డీజిల్ ఇంజను వేస్తాను, ఇంకో పాతికేళ్ళు తోలతారు" అన్నాను.

"క్లచ్చి కూడా మారుతుందిగా. నా కాలు?"

"అలవాటవుతుందండి. నేనున్నాగా."

ఆయన చాలాసేపు కారు చుట్టూ తిరిగారు. "నువ్వు సుబ్బారావు చెయ్యివమ్మా. నువ్వు పోయిందంటే పోయింది" అన్నారు చివరికి.

డీజిల్ ఇంజను వేశాను. శుభ్రంగానే వేశాను, ఆ పనిలో ఎవరూ వంక పెట్టలేరు. మాస్టారు దాన్ని రెండు శనివారాలు తోలారు. మూడో శనివారం చెరుకుపల్లిలో కాలు క్లచ్చి మీద పట్టేసి, ఎవరో కుర్రాణ్ణి తోలమని బతిమాలి ఇల్లు చేరారు. ఆ తర్వాత కారు మీద పరదా కప్పేశారు. నేను ఫోను చేస్తే, "వయసమ్మా, నీ పనిలో లోపం లేదు" అన్నారు.

కిరసనాయిలు గిన్నె

పాత ఇంజను నన్నే ఉంచుకోమన్నారు. కార్బొరేటర్లు రెండూ విప్పి అలమారలో పెట్టి, మిగతాది తుక్కువాడికి ఇచ్చాను. అతను షెడ్డు ముందరే సమ్మెట పెట్టి పగలగొట్టాడు. ముక్క చేతిలో పట్టుకుని, "లోపల అద్దంలా ఉందమ్మా, గీత కూడా లేదు. ఎందుకు తీసేశారు?" అన్నాడు.

"నీకేం తెలుసు, నువ్వు తూకం చూసుకో" అన్నాను.

ఇనప ముక్కల వాడికి కనపడింది. నాకు చూడాలనిపించలేదు.

నాలుగైదు నెలలకి గుంటూరు నుంచి ఒకాయన అలాంటి కార్బొరేటర్లు కావాలని కబురు చేశాడు. అమ్మేముందు కడగాలని కిరసనాయిలు గిన్నెలో ముందు కార్బొరేటర్ వేశాను. టోపీతో సహా. బండి లేదు, పెట్టినవాళ్ళు ఎదురుగా లేరు, ఇక బొట్టెవరిదని. మధ్యాహ్నానికి గిన్నెలో కిరసనాయిలు ఎర్రగా అయింది. టోపీ తీసి గుడ్డతో రుద్దాను. నెత్తిన చిన్న గుంట కనపడింది. మళ్ళీ రుద్దాను. అది గుంట కాదు. కన్నం.

వెనక టోపీ తెచ్చి చూశాను. దానికీ అక్కడే కన్నం. నోట్లో పెట్టుకుని ఊదితే గాలి పోయింది. ముందుదాన్ని ఊదాను. పోలేదు.

యాక్సిలేటర్ తొక్కినప్పుడు ఆ గుమ్మటంలో పిస్టన్ పైకి లేవాలి. లేవాలంటే టోపీ కింద ఉన్న గాలి ఆ కన్నంలోంచి బయటికి పోవాలి. పోకపోతే పిస్టన్ సగంలో మొరాయిస్తుంది. గాలి దారి తెరుచుకోదు, పెట్రోలు మాత్రం ఎగబడి వస్తుంది. రోడ్డు మీద మాత్రమే, ఆ రెండు సిలిండర్లకి మాత్రమే. స్లోలో పిస్టన్ లేవనక్కర్లేదు, అందుకే రబ్బరు గొట్టంలో రెండు బుసలూ సమానంగా వినపడ్డాయి. ఇక పిస్టన్ పరీక్ష ఎప్పుడూ టోపీ తీసే చేస్తాం. తీయగానే జబ్బు పోయేది, పెట్టగానే వచ్చేది. మూడుసార్లూ ఆ జబ్బుని కాగితం పరిచి, దాని మీద భద్రంగా పెట్టి, మళ్ళీ నా చేత్తోనే బిగించాను.

గుండుసూది తీసుకుని పొడిచాను. ఎర్రటి పొడి రాలింది. బాపట్లలో పట్టినంతసేపు కూడా పట్టలేదు.

అప్పుడు బయటికొచ్చి చూశాను. తుక్కువాడు ఇంజను పగలగొట్టిన చోట నూనె మరక ఉంది. అంతకుమించి ఏమీ లేదు.

మళ్ళీ రేపల్లె

వారంరోజులు ఆలోచించాను. చెప్పాలా వద్దా అని కాదు. ఎలా చెప్పాలా అని. రెండు టోపీలూ మెరిసేలా తోమి, సంచిలో వేసుకుని రైలెక్కాను.

మాస్టారు వరండాలో కూర్చుని ఉన్నారు. పరదా కప్పిన కారు పక్కనే ఉంది. రత్తమ్మ గారు నా చేతిలో టోపీలు చూసి మురిసిపోయింది.

"ఎంత తళతళలాడుతున్నాయో! మా వీరాస్వామి తోమినట్టే ఉన్నాయి."

"ఎవరు పిన్నిగారూ వీరాస్వామి?"

"కారు తుడిచేవాడమ్మా. అతను పోయి మూడేళ్ళు. శనివారం పొద్దున్నే చింతపండు పెట్టి తోమి కూర్చునేవాడు. నేను దసరాకి పెట్టిన బొట్టు వారం కూడా ఉంచేవాడు కాదు. ఇంట్లో ఆడవాళ్ళు పెట్టిన బొట్టు చెరుపుతావా అని ఎన్ని తిట్లు తిట్టానో పాపం. నవ్వేవాడు, మళ్ళీ తోమేవాడు. అతను పోయాక నా బొట్టు నిలిచింది."

ఆవిడ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

మాస్టారు చెయ్యి చాపారు. టోపీలిచ్చాను. ఒకదాన్ని తిప్పి చూశారు. వెలుతురు వైపు పెట్టి, ఒక కన్ను మూసి కన్నంలోంచి చూశారు. నలభై ఏళ్ళు మొక్కల కాండాల్లో నాళాలు గీసి చూపించిన మనిషికి నేను వివరించాల్సింది ఏముంది. రెండోదాన్ని కూడా అలాగే చూశారు. తర్వాత వంటింటి వైపు చూశారు.

"ఇదేనా?" అన్నారు మెల్లిగా.

"ఇదే మాస్టారూ. ఇంజనులో ఏమీ లేదు. నేను తుడిచి ఉంటే..."

"ఆగు."

ఆగాను.

"బోరు పోయిందన్నావు కదా నువ్వు?"

"అబద్ధమండి. చూడకుండా అన్నాను. పిన్నిగారి తప్పు కాదు, నాదే. ఆవిడకి కూడా అదే చెప్తాను, నేను తుడవాల్సింది..."

"ఎలా చెప్పినా ఆవిడకి తన వేలే కనపడుతుందమ్మా. బోరు పోయింది. అంతే ఉండనీ."

వాదించాలని చూశాను. నిజం దాచడం మీద నాకు చాలా అభిప్రాయాలున్నాయి. ఆయన నా వైపు చూడలేదు. ఆ రోజే తెలిసింది, నా తప్పు ఒప్పుకోవడానికి కూడా నాకు హక్కు లేదని. తప్పుడు మాట నిజంగా నిలబడిపోయింది, నా పేరు మీదే, మంచి మేస్త్రి చెప్పిన మాటగా. షెడ్డు మూయడానికి అసలు కారణం ఇది. ఒంట్లో బాగానే ఉంది.

మీకు చెప్పదలుచుకున్నది ఒక్కటే. బొట్టుండనీ, ఇంకేదన్నా ఉండనీ, మీరు తాకడానికి భయపడేది బండిలో ఏదుందో ముందు చూడండి. తుడిచి చూసి, తర్వాత వాళ్ళచేతే మళ్ళీ పెట్టించుకోండి. తిట్లు తినండి. వీరాస్వామి తిన్నాడు. ఆ కారుని అంతకాలం బతికించింది నేనూ కాదు, సుబ్బారావు మేస్త్రీ కాదు.

కాఫీ తాగి లేచాను. గేటు దాకా వచ్చాక, "ఆగమ్మాయ్" అంటూ రత్తమ్మ గారు కుంకంభరిణె పట్టుకొచ్చింది. నేను ఒకడుగు వెనక్కి వేశాను.

"పిన్నిగారూ, నాకు..."

"తెలుసులే. నాకలాంటి పట్టింపుల్లేవు. ఆడపిల్ల ఇంటికొచ్చి బోసి మొహంతో పోతుందా?" అని ఉంగరపు వేలితో నా నుదుటి మీద పెట్టింది. దట్టంగా. పెట్టి, కొంచెం వెనక్కి జరిగి చూసుకుంది. "ఇంటికెళ్ళేదాకా చెరపకు" అంది.

తెనాలి పాసింజర్లో కిటికీ పక్కన కూర్చున్నాను. వేమూరు వచ్చేసరికి ఎండకి చెమట పట్టి కుంకం ముక్కు మీదికి కారడం మొదలుపెట్టింది. ఎదుటి సీట్లో ఆవిడెవరో, "కారిపోతోందమ్మా, తుడుచుకో" అంది. చేతిలో రుమాలుంది. చెయ్యి లేవలేదు.